అద్దాల పెట్టెలో సముద్రం: మూడు ఊళ్ళ ముచ్చట

మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా? ఉంటే, నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న ఆ చేప బొమ్మ మీ ఇంట్లోనూ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. స్కూలు బ్యాగు మీదో, మంచినీళ్ళ సీసా మీదో. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ అనే బొమ్మల సినిమా పుణ్యమా అని, సముద్రం మొహం చూడని పిల్లలకు కూడా ఆ చేప చుట్టమైపోయింది. మా మనవడూ అంతే. వాడుండేది భూపాలపల్లిలో. మా అల్లుడు సింగరేణిలో పనిచేస్తాడు. పోయినేడు సెలవులకు జనగామ వచ్చినప్పుడు “అమ్మమ్మా, నాకు నీమో కావాలె” అని పట్టు పట్టాడు.

అమ్మమ్మను కదా, కాదనగలనా? హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో అడుగున్నర గాజుతొట్టి, రెండు చేపలు, గుప్పెడు రంగురాళ్ళు కొనేశాను. “ఏం లేదమ్మా, ఇంట్లో ఉప్పు కలిపితే చాలు” అన్నాడు దుకాణం అబ్బాయి. ఇంటికొచ్చి ఫిల్టరు నీళ్ళలో వంటింటి ఉప్పు వేసి, వేలు ముంచి రుచి కూడా చూశాను! మర్నాడు ఒకటి, మూడోనాడు రెండోది వెల్లకిలా తేలాయి. మనవడు ఏడవలేదు. “వాటికి అన్నం సరిగ పెట్టలేదా అమ్మమ్మా?” అని మాత్రం అడిగాడు.

ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది. ముప్ఫై ఏళ్ళుగా ఇంటికొచ్చినవాళ్ళకు లేదనకుండా పెట్టిన చెయ్యి ఇది. రెండు చేపల్ని మూడు రోజులు బతికించలేకపోయింది.

ఈ సంగతి మానుకోటలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి చెబితే పకపకా నవ్వింది. “అక్కా, నువ్వు ఉప్పుచేపలు చేసినవ్. సముద్రం చెయ్యలే!” అంది. (మహబూబాబాద్‌ను మేమింకా మానుకోట అనే అంటాం లెండి.) వాళ్ళబ్బాయి నాలుగేళ్ళుగా ఇంట్లో సముద్రపు తొట్టి నడుపుతున్నాడు. ఫోన్ తీసుకుని “పెద్దమ్మా, సంక్రాంతి అయినంక ఇటు రా. ఈసారి మీ మనవడి ఇంట్లోనే పెడదాం. కానీ ఒక్క షరతు. చేపల్ని ఆఖర్న కొనాలె” అన్నాడు.

అలా మొదలైంది మా ప్రయాణం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోవే. మూడింటిలో ఏ ఊరికీ సముద్రం దగ్గర లేదు. అలాంటి చోట సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవాలంటే ఏమేం కొనాలి, ఏవి కొనకూడదు అన్నది ఒక్కో ఊళ్ళో ఒక్కో పాఠంగా నేర్చుకున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి బేరం ఎవరైనా పెడితే పనికొస్తుందని రాస్తున్నాను.

జనగామ: ముందు నీళ్ళు

మా ఊరి ఆడవాళ్ళకు నీళ్ళ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లగా పొర కడుతుంది. ఎంత రుద్దినా ఒక పట్టాన వదలదు. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. మనకు అది మంచిదే, చేపకు విషం.

“మరి ఇంట్లో ఆర్.ఓ. ఉంది కదా?” అంటారేమో. నేనూ అదే అన్నాను. మా చెల్లెలి కొడుకు నాచేత టి.డి.ఎస్. మీటరు కొనిపించాడు. పెన్నులా ఉంటుంది, నీళ్ళలో ముంచితే అందులో కరిగిన లవణాలెన్నో అంకె చూపిస్తుంది. మా వంటింటి ఆర్.ఓ. నీళ్ళు 70 చూపించాయి. తాగే నీళ్ళకు రుచి కోసం ఆ యంత్రంలో కొంచెం ఖనిజాలు కలిపి వదులుతారట. సముద్రపు తొట్టికి ఆ అంకె సున్నా కావాలి, లేదా సున్నాకు దగ్గరగానైనా ఉండాలి. అందుకు ఆర్.ఓ. తర్వాత డి.ఐ. అనే ఇంకో గొట్టం బిగించాలి. అందులోని గుళికలు మిగిలిన లవణాల్ని కూడా పట్టేసుకుంటాయి. ఆర్.ఓ. నుంచి పారబోసే నీళ్ళు చాలానే వస్తాయి. వాటిని బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్‌రూములు కడగడానికి వాడండి. నీళ్ళ కరువు చూసిన ఊళ్ళో పుట్టినదాన్ని, ఈ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను.

ఇక ఉప్పు. మనం వంటలో వేసేది దాదాపుగా ఒకే ఒక లవణం. సముద్రంలో దాంతోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఇంకా ఎన్నో ఉంటాయి. వాటన్నిటినీ లెక్కప్రకారం కలిపి ‘మెరైన్ సాల్ట్’ పేరుతో సంచుల్లో అమ్ముతారు. లీటరు నీటికి సుమారు 35 గ్రాములు కలపాలి. నేను నాలుగు చెంచాలు వేసి వేలితో రుచి చూసిన సంగతి గుర్తుందిగా? ఇప్పుడు రుచి చూసే పని రిఫ్రాక్టోమీటర్ చేస్తుంది. బెత్తెడు గొట్టం. గాజు మీద ఒక చుక్క వేసి, వెలుతురు వైపు పెట్టి కన్ను ఆనిస్తే లోపల గీత కనబడుతుంది. ఆ గీత 1.025 దగ్గర నిలవాలి.

ఉప్పు ఎప్పుడూ విడి డ్రమ్ములో కలపాలి. ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు. చిన్న పంపు పెట్టి ఒక రోజంతా తిరగనిచ్చాకే తొట్టిలో పోయాలి. డ్రమ్ము ప్లాస్టిక్‌దే అయి ఉండాలి. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పనికి పెట్టింది పేరు. మా ఇంట్లో ఆ ఊరి బిందెలూ, చెంబులూ దర్జాగా మెరుస్తుంటాయి. కానీ ఇత్తడిలో ఉన్నది రాగి. రాగి కొంచెం కరిగినా సముద్రపు నత్తలు, రొయ్యలు బతకవు. అందుకని బిందెల్ని పూజకూ మంచినీళ్ళకూ ఉంచుకుని, తొట్టికి కొత్త ప్లాస్టిక్ బకెట్ ఒకటి విడిగా పెట్టండి. సబ్బు తగలని బకెట్ సుమా!

తొట్టి ఎంత పెద్దది కొనాలన్నది తర్వాతి ప్రశ్న. మా జిల్లాలోనే పాలకుర్తి దగ్గర బమ్మెర ఉంది, పోతన్నగారి ఊరు. ఆయన తెలుగు చేసిన భాగవతంలో మత్స్యావతారం కథ మీకు తెలిసిందే. సత్యవ్రతుడనే రాజు దోసిట్లోకి చిన్న చేపపిల్ల వస్తుంది. కమండలంలో వేస్తే కమండలం చాలదు, చెరువులో వేస్తే చెరువు చాలదు, చివరకు సముద్రంలో విడవాల్సి వస్తుంది. దుకాణంలో వేలెడు చేపను చూసి ముచ్చటపడే ముందు ఈ కథ ఒక్కసారి తలుచుకోండి. ఆ సినిమాలోనే ఉన్న నీలం రంగు చేప పెరిగితే అడుగు పొడవుంటుంది. మామూలు ఇళ్ళలో తొట్టి దానికి చాలనే చాలదు.

చిన్న తొట్టి అయితే తేలిక అనుకుంటాం. అది పొరపాటు. గ్లాసెడు చారులో చిటికెడు ఉప్పు ఎక్కువైతే నోట పెట్టలేం. గుండిగెడు చారులో అదే చిటికెడు తెలియను కూడా తెలియదు. నీళ్ళు ఎక్కువుంటే మన తప్పు కొంచెం దాస్తాయి. అందుకని మొదటిసారికి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు మేం ఎంచుకున్నాం. అంచుదాకా నింపితే 190 లీటర్లు పడుతుంది. రాళ్ళూ ఇసుకా పోను, పైన కొంచెం ఖాళీ వదిలితే అసలు నీళ్ళు 150 లీటర్లు. దానికి ఉప్పు 5.25 కిలోలు. మొత్తం బరువు 200 కిలోలు దాటుతుంది, అంటే నాలుగు బియ్యం బస్తాలు. కాబట్టి టీపాయ్ మీద పెట్టేది కాదు. మట్టం చూసి వేసిన ఇనుప స్టాండు కావాలి.

మానుకోట: రాయికీ ప్రాణముంటుంది

జనగామలో రైలెక్కితే కాజీపేట, వరంగల్, నెక్కొండ దాటాక కేసముద్రం వస్తుంది. ఎన్నిసార్లు ఆ స్టేషను మీదుగా పోయానో గానీ, ఈసారి బోర్డు చూసి నవ్వొచ్చింది. కేసముద్రం! మన పెద్దలు పెద్ద చెరువు తవ్వితే దానికి సముద్రమనే పేరు పెట్టుకునేవారు. సముద్రం మీద మోజు మా మనవడితోనే మొదలవలేదన్నమాట.

చెల్లెలి ఇంట్లో ముందుగదిలోనే ఉంది తొట్టి. చెప్పొద్దూ, చూడగానే నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. నాలుగే చేపలు, మధ్యలో బూడిదరంగు రాళ్ళ గుట్ట. “ఇన్ని డబ్బులు పోసి రాళ్ళు కొన్నావేరా?” అన్నాను. “పెద్దమ్మా, తొట్టిని నడిపేది ఆ రాళ్ళే” అన్నాడు.

అప్పుడు అర్థమైంది నా చేపలు ఎందుకు పోయాయో. చేప తిన్నది, విసర్జించింది, మిగిలిన మేత కుళ్ళింది. వీటన్నిటి నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు పచ్చి విషం. సముద్రంలోనైతే కంటికి కనిపించని బాక్టీరియా దాన్ని తిని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ చివరిది అంత ప్రమాదం కాదు, వారం వారం కొంచెం నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ బాక్టీరియా కాపురం ఉండేది రాళ్ళ సందుల్లో, ఇసుకలో. కొత్త తొట్టిలో అది ఉండదు. పుట్టి పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను కొత్త నీళ్ళలో, మొదటి రోజే చేపల్ని దింపాను!

మనకు ఇది కొత్త సంగతి కాదు. పాలు కాచి, చల్లార్చి, తోడేసి, కదపకుండా పెడితేనే కదా తెల్లారేసరికి పెరుగు! తొందరపడి గంటకోసారి గరిట పెట్టి కలిపితే అవుతుందా? తొట్టి కూడా అంతే. దాన్ని తోడుకోనివ్వాలి.

మా చెల్లెలి కొడుకు తన తొట్టిలోంచి మూడు రాళ్ళు తీసి, అదే ఉప్పునీళ్ళతో తడిపిన కాగితాల్లో చుట్టి థర్మకోల్ డబ్బాలో పెట్టాడు. “ఇదే తోడు” అన్నాడు. మా చెల్లెలు నా పెళ్ళైన కొత్తలో బస్సులో నా కోసం ఆవకాయ జాడీ పట్టుకొచ్చింది. ఇప్పుడు నా కూతురి కోసం రాళ్ళు ఇచ్చి పంపింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. దుకాణాల్లో “అసలైన పగడం” అని చూపించి ఆశపెడతారు. కొనకండి. మన దేశంలో పగడపు దిబ్బలు కట్టే జీవులన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మన సముద్రంలోంచి తీసిన పగడం బతికున్నదైనా, ఎండిపోయిన ముక్క అయినా కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. సముద్రపు గుర్రాలూ అంతే. అందుకే మా అబ్బాయి తొట్టిలో ఉన్నవన్నీ చేసిన రాళ్ళు. సిరామిక్‌తో కాల్చి, సందులు సందులుగా తయారుచేసినవి దొరుకుతాయి. మా తొట్టికి 12 కిలోలు సరిపోయాయి. అందాల పగడాలు లేకుండా సముద్రపు తొట్టి ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. చేపలు రాళ్ళ సందుల్లో దూరి ఆడుకోవడం చూశాక ఆ లోటు మర్చిపోయాను.

దారిలో రెండు సముద్రాలు

మానుకోట నుంచి అల్లుడి కారులో బయల్దేరాం. డబ్బా నా ఒళ్ళోనే ఉంది. గూడూరు దాటి నర్సంపేట వైపు పోతుంటే పాకాల అడవి గుట్టలు కనబడతాయి. ఈ ప్రాంతపు పాత రాళ్ళకు భూగర్భశాస్త్రంలో పాకాల శిలలనే పేరు. అందులో సున్నపురాయి, డోలమైటు ఉన్నాయి. వంద కోట్ల ఏళ్ళకు పైబడ్డ కాలంలో లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్నవవి. అంటే, సముద్రం లేదనుకున్న మన గడ్డ మీదే ఒకప్పుడు సముద్రం ఉందన్నమాట!

“అయితే ఇక్కడి రాళ్ళే నాలుగు ఏరుకుంటే పోలా?” అన్నాను, ఆడదాని పొదుపు బుద్ధి ఎక్కడికి పోతుంది! మా చెల్లెలి కొడుకు వెనక సీట్లోంచి తల అడ్డంగా ఊపాడు. దగ్గర్లోనే బయ్యారం, ఇనుప ఖనిజానికి పేరుపడ్డ ఊరు. బయట ఏరిన రాయిలో ఏ లోహం ఉందో కంటికి తెలియదు. నీళ్ళలో కరిగితే మొత్తం తొట్టి పాడవుతుంది. కాబట్టి ఇసుకైనా రాయైనా తొట్టి కోసం తయారుచేసినదే తీసుకోండి.

భూపాలపల్లికి ముందు ఘనపురంలో ఆగాం. కాకతీయుల కాలపు కోటగుళ్ళు ఇక్కడే ఉన్నాయి. ఒక్క ఆవరణలో 22 గుళ్ళు, చెక్కిన స్తంభాలు, మూర్తులు. కొన్ని విరిగాయి, కొన్ని ఒరిగాయి. ఊరి చెరువు పేరు గణపసముద్రం. ఇదీ సముద్రమే! కట్ట మీద నిలబడితే గాలికి అలలు కూడా వస్తున్నాయి. ఎప్పటి చెరువు, ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. తూము ఎక్కడుండాలో, అలుగు ఎంత ఎత్తుండాలో చూసుకునే అప్పటివాళ్ళు కట్ట కట్టారు. నీళ్ళను నిలపడమంటే గుంట తవ్వడం ఒక్కటే కాదు. ఒళ్ళో డబ్బా పట్టుకుని నిలబడ్డ నాకు ఆ మాట బాగా తలకెక్కింది.

భూపాలపల్లి: వేడికీ కరెంటుకీ లెక్క

భూపాలపల్లి బొగ్గు గనుల ఊరు. పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఎండాకాలం ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళను అడగాలి. సముద్రపు తొట్టి నీళ్ళేమో 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి.

క్వార్టరు ముందుగదిలో, కిటికీ ఎండ పడని గోడకు స్టాండు పెట్టించాం. పరికరాలు ఒక్కొక్కటీ బిగిస్తూ మా చెల్లెలి కొడుకు చెప్పిన లెక్క ఇది.

అన్నిటికంటే ముఖ్యం వేవ్ మేకర్. నీళ్ళను కదిలించే చిన్న పంపు. తొట్టిలో ఉన్న నీటికి గంటకు పది నుంచి ఇరవై రెట్లు కదిలించాలి. మా 150 లీటర్లకు గంటకు 1,500 నుంచి 3,000 లీటర్ల పంపు సరిపోతుంది. నీళ్ళు కదిలితేనే గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది.

రెండోది ప్రోటీన్ స్కిమ్మర్. పప్పు ఉడికేటప్పుడు పైకి తేలిన నురుగును గరిటతో తీసేస్తామే, ఇది చేసేదీ అదే. సన్నని బుడగలు పుట్టించి, నీళ్ళలోని మురికిని నురుగుగా పైనున్న గిన్నెలోకి తోసేస్తుంది. రెండు మూడు రోజులకోసారి ఆ గిన్నె కడగాలి. వాసనకు ముక్కు మూసుకోవాల్సిందే.

మూడోది హీటర్. మన దగ్గర ఎందుకని నవ్వకండి. జనవరి రాత్రులు చలి బాగానే ఉంటుంది. థర్మోస్టాట్ ఉన్న చిన్న హీటర్ చాలు. వేసవి సంగతి వేరు. నీళ్ళను చల్లబరిచే చిల్లర్ ఖరీదైనదే కాక కరెంటు కూడా బాగా లాగుతుంది. పగడాలు లేని తొట్టికి అది లేకుండా గడుపుకోవచ్చు. నీటి ఉపరితలం మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. అయితే గదిలో నీళ్ళ కూలర్ నడుస్తుంటే గాలిలో తడి ఎక్కువై ఫ్యాను అంత పని చెయ్యదు. కిటికీ ఓరగా తెరిచి ఉంచండి.

ఫ్యాను పెడితే నీళ్ళు త్వరగా తగ్గుతాయి. ఇక్కడే కొత్తవాళ్ళు పొరపడతారు. తగ్గిన మేరకు ఉప్పునీళ్ళు పోస్తారు. చారు మరిగి ఇగిరితే ఉప్పెక్కుతుంది కదా? అప్పుడు మనం మంచినీళ్ళే పోస్తాం. తొట్టిలో కూడా ఆవిరైంది నీళ్ళే, ఉప్పు లోపలే ఉంది. కాబట్టి ఆర్.ఓ., డి.ఐ. దాటిన మంచినీళ్ళు పోసి గీతదాకా నింపాలి. మా అమ్మాయి అద్దం మీద స్కెచ్‌పెన్నుతో గీత గీసి పెట్టింది.

లైటుకు పెద్ద ఖర్చు పెట్టకండి. ఖరీదైన లైట్లు పగడాల కోసం. చేపలకు మామూలు ఎల్.ఇ.డి. రోజుకు ఎనిమిది గంటలు చాలు. మాకు వేవ్ మేకర్, స్కిమ్మర్, లైటు కలిపి రోజుకు ఒక యూనిట్ అటూఇటూ కాలుతుంది. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా చూసుకోండి. తడి కారినా కిందే చుక్కలు పడతాయి, ప్లగ్గులోకి పోదు. ఇంట్లో పిల్లలున్నప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. తొట్టి ఉన్న గదిలో దోమల చక్రాలు, సెంటు స్ప్రేలు, ఫినాయిల్ వద్దు.

బొగ్గు ఊళ్ళో కూర్చుని వేడి గురించి మాట్లాడుతుంటే మా అల్లుడు ఒక మాటన్నాడు. “అత్తమ్మా, మేము తవ్వే బొగ్గు కాలితే కరెంటు. ఆ పొగతోనే సముద్రం కూడా వేడెక్కుతున్నదట.” నిజమే. పగడం ఒంట్లో నాచు లాంటి జీవులు కాపురం ఉంటాయి. రంగూ తిండీ చాలావరకు వాటివే. నీరు కొన్ని వారాలపాటు మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కినా పగడం వాటిని వెళ్ళగొట్టి తెల్లగా పాలిపోతుంది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచమంతా ఇలా పాలిపోవడం ఇది నాలుగోసారని ప్రకటించారు. ఆ ఏడాది మన లక్షద్వీప్ పగడాలూ పాలిపోయాయి. ఇది విన్నాక పగడం ముక్క కోసం ఆశపడ్డందుకు సిగ్గేసింది.

చేపలు ఆఖర్న

రాళ్ళు, ఇసుక, నీళ్ళు సర్దాక తొట్టిలో చిటికెడు చేపమేత వేశాం. అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది, బాక్టీరియాకు అదే తిండి. ఇక పరీక్షల పని మనవడిది. టెస్ట్ కిట్‌లో చిన్న గాజుసీసా ఉంటుంది. నీళ్ళు పోసి మందుచుక్కలు వేస్తే రంగు మారుతుంది. కార్డు మీది రంగుతో పోల్చి అంకె చూడాలి. రోజూ స్కూలు నుంచి రాగానే చూసి క్యాలెండరు మీద రాసేవాడు. “ఇంకా విషముంది అమ్మమ్మా” అని ఫోను. ఖాళీ తొట్టి చూసి ఇరుగుపొరుగు “చేపలేవి?” అని నవ్వితే, “తోడుకుంటున్నది” అని జవాబు చెప్పేవాడట!

మానుకోట తోడు పుణ్యమా అని 27వ రోజు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. ఆ తర్వాత ఇంకో వారం ఆగి రెండే రెండు క్లౌన్ చేపలు తెచ్చాం. సముద్రంలో పట్టినవి కాదు, హేచరీలో పుట్టినవి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్ళు ఈ చేపల్ని గుడ్ల నుంచి పెంచే పద్ధతి ఎప్పుడో రూపొందించారు. కొనేటప్పుడు ఆ మాట అడిగి తీసుకోండి. తొట్టిలో పుట్టినది తొట్టికి అలవాటు పడుతుంది, పైగా సముద్రానికి మనం బాకీ ఉండం.

ఈ చేపల గురించి ఒక తమాషా. ఇవన్నీ పుట్టుకతో మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది. ఆడది పోతే మగ చేపే ఆడదిగా మారి ఇంటి పెత్తనం తీసుకుంటుంది. ఆ సినిమాలో తల్లి పోయాక తండ్రి బిడ్డను వెతుక్కుంటూ పోతాడు. నిజంగానైతే ఆ తండ్రి ఈపాటికి అమ్మ అయిపోయి ఉండాలి! ఇంకో సంగతి, బాగా చూసుకుంటే ఇవి పదేళ్ళకు పైగా బతుకుతాయి. మా మనవడు కాలేజీకి వెళ్ళే నాటికి కూడా ఇవి ఉండొచ్చు. తెచ్చుకునే ముందు ఆ లెక్క కూడా వేసుకోవాలి.

మే నెలలో నేను అక్కడే ఉండగా ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. చెట్టు కూలి తీగలు తెగాయి. కరెంటు పుట్టే ఊళ్ళోనే ఐదు గంటలు కరెంటు లేదు. వేవ్ మేకర్ ఆగింది, ఫ్యాను ఆగింది, నీళ్ళు 30 డిగ్రీలు. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నా గుండె దడదడలాడింది. మళ్ళీ అదే జరుగుతుందా అనుకున్నాను. మా మనవడు మాత్రం కంగారు పడలేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు తెచ్చి గొట్టం నీళ్ళలో వేశాడు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించి పెట్టుకున్న మూతబిగించిన నీళ్ళసీసా ఒకటి తొట్టిలో తేలేశాడు. అది కరిగాక రెండోది. రాత్రి పదింటికి కరెంటు వచ్చేదాకా టార్చి పట్టుకుని థర్మామీటరు చూస్తూనే ఉన్నాడు. నీళ్ళు 28కి దిగాయి. చేపలు మళ్ళీ తమ రాతి సందులోకి పోయాయి.

“అమ్మమ్మా, అప్పుడు నువ్వు అన్నం పెట్టకపోవుడు కాదు. వాటికి ఇల్లు లేకుండె” అన్నాడు, కళ్ళు నులుముకుంటూ. వాణ్ణి దగ్గరకు తీసుకున్నాను.

మీరు కొనేటప్పుడు ఈ వరస మర్చిపోకండి

1. టి.డి.ఎస్. మీటరు, ఆర్.ఓ.కు డి.ఐ. గొట్టం, విడి డ్రమ్ము, ప్లాస్టిక్ బకెట్.
2. మట్టమైన స్టాండు, మూడడుగుల తొట్టి.
3. మెరైన్ సాల్ట్, రిఫ్రాక్టోమీటర్, థర్మామీటరు.
4. సిరామిక్ రాళ్ళు, తొట్టి ఇసుక. పగడపు ముక్కలు వద్దు.
5. వేవ్ మేకర్, స్కిమ్మర్, చిన్న హీటర్, ఫ్యాను, మామూలు లైటు.
6. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పి.హెచ్. టెస్ట్ కిట్లు.
7. బ్యాటరీ గాలి పంపు. దీన్ని “తర్వాత చూద్దాం” అనుకోవద్దు.
8. నెల, నెలన్నర ఓపిక.
9. ఆఖర్న, రెండు చేపలు.

తర్వాత వారానికి 15 లీటర్ల నీళ్ళు మార్చండి. దానికి ఉప్పు 525 గ్రాములు. రోజుకు ఒకటి రెండుసార్లు, నిమిషంలో తినేసేంత మేతే వేయండి. ముద్దు చేసి ఎక్కువ పెట్టకండి, మిగిలిందే విషం.

దుకాణంలో ఎవరైనా “ఈరోజే తొట్టి, ఈరోజే చేపలు” అంటే నవ్వి బయటికి వచ్చేయండి. తోడెయ్యగానే పెరుగు కాదని మనకు తెలియదా ఏమిటి!